లష్కరీ విరిగిన హిందుస్తానీ కాదు: ఓడ పనివాళ్ల భాష గురించి

బ్రిటిష్ కాలపు ఓడల మీద పనిచేసిన ఆసియా నావికులు మాట్లాడిన లష్కరీని ఒక భాషగా లెక్కించవచ్చా, లేక అది వ్యాకరణం తప్పిన హిందుస్తానీ మాత్రమేనా, తెలుగు తీరానికి దానితో ఏమైనా సంబంధం ఉందా అని మీరు అడిగారు. ఓడ మీది పని మేరకు లష్కరీ లోటు లేని, కచ్చితమైన భాష అన్నది నా అభిప్రాయం. దాన్ని తప్పుల కుప్పగా చూడడం మనకు అలవాటైనదంటే, దాన్ని కాగితం మీద పెట్టినవారందరూ ఆజ్ఞలిచ్చే వైపు నిలబడినవారు కావడమే కారణం. తెలుగు సంబంధం గురించి మీరు సందేహంగా అడిగారు గానీ, ఆ ఓడల మీద తిరిగిన మాటల్లో అరడజనుకు పైగా మనం నేటికీ వాడుతూనే ఉన్నాం.

ముందుగా ఈ మనుషులెవరో చెప్పాలి. లష్కర్ అంటే పారసీకంలో సైన్యం. పోర్చుగీసువారి వాడుకలో ఆ మాట స్థానిక సైనికుడికి పేరైంది, ఇంగ్లీషువారి వాడుకలో ఆసియా నావికుడికి స్థిరపడింది. ఆ ఒక్క పేరు కింద చిట్టగాంగు, నవాఖలి బెంగాలీలు, కొంకణ తీరపు ముస్లింలు, గుజరాతీలు, మలబారువారు, గోవా క్రైస్తవులు, అరబ్బులు, మలయ్‌లు, తూర్పు ఆఫ్రికావారు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనీలావారు, కోరమాండల్ తీరపు తమిళులు, తెలుగువారు అందరూ కలిసిపోయారు. వీరిలో చాలామందికి హిందుస్తానీ ఇంటి భాష కాదన్న సంగతిని మనసులో పెట్టుకుంటేనే తరువాతి విషయం అర్థమవుతుంది.

ఇంతమంది ఒకే ఓడ మీదికి ఎలా చేరారన్నదానికి కారణం వాణిజ్యంలోనే ఉంది. 17వ శతాబ్దపు నౌకాయాన చట్టాల ప్రకారం ఇంగ్లీషు ఓడ సిబ్బందిలో నాలుగింట మూడు వంతుల మంది ఇంగ్లీషువారే కావాలి. కానీ లండన్ నుంచి బయలుదేరినవారిలో కొందరు జబ్బుపడి చనిపోయేవారు, కొందరు రేవుల్లో పారిపోయేవారు, యుద్ధకాలంలో నౌకాదళం మరికొందరిని బలవంతంగా పట్టుకుపోయేది. తిరుగు ప్రయాణానికి చేతులు చాలక కలకత్తా, బొంబాయి రేవుల్లో లష్కర్లను తీసుకోవడం తప్పనిసరైంది. కలకత్తా, బొంబాయిల నుంచి చైనాకూ తూర్పు దీవులకూ నడిచిన దేశీయ వర్తక నౌకల్లోనైతే అధికారులు తప్ప మిగిలినవారంతా దాదాపు లష్కర్లే. 1823 నాటి చట్టం వీరిని బ్రిటిష్ నావికుల లెక్కలోకి రానివ్వలేదు. 1849లో పాత నౌకాయాన చట్టాలు రద్దయ్యాక వీరి సంఖ్య పెరుగుతూ పోయి, 1914 నాటికి బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో 50 వేలకు పైగా లష్కర్లు పనిచేస్తున్నారు.

ఇక భాషకు వస్తాను. లష్కరీ పదజాలాన్ని ఏ వస్తువును ఎవరు ఎప్పుడు ఓడ మీదికి తెచ్చారన్న వరుసలో చదివితే, అందులో హిందూ మహాసముద్రపు చరిత్ర పొరలు పొరలుగా కనిపిస్తుంది. అన్నిటికంటే అడుగున ఉన్నది అరబ్బు, పారసీక నావికుల పొర. ఓడ యజమాని లేదా కెప్టెన్ నఖుదా, దారి చూపే అధికారి మాలుమ్, లంగరు లంగర్, చుక్కాని పట్టేవాడు సుక్కానీ. మాలుమ్ అన్నది గురువు అనే అర్థమున్న అరబీ ముఅల్లిమ్ నుంచి వచ్చింది. తమిళంలో నావికుడిని మాలుమి అనడం కూడా అక్కడి నుంచి వచ్చినదే. ఇంగ్లీషు ఓడల్లో మేట్ అనే అధికారికి లష్కర్లు ఈ పాత పేరే తగిలించి, మొదటివాడిని బడా మాలుమ్ అన్నారు.

దాని పైన పోర్చుగీసు పొర ఉంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. ఈ సముద్రంలో తిరిగిన స్థానిక ఓడల్లో ఒక్కో కొయ్యకు, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభానికి, ఒక పెద్ద వాలు తెరచాప ఉండేది. ఒకే కొయ్య మీద అంతస్తులుగా చదరపు తెరచాపలు కట్టే ఐరోపా పద్ధతి 1498 తరువాత పోర్చుగీసువారితో వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఓడ 1608లో సూరత్ చేరేనాటికి, ఆ కొత్త తెరచాపల మీద పనిచేయడం నేర్చిన స్థానిక నావికులు ఒక శతాబ్దంగా ఉన్నారు. నేర్చిన పని పేర్లతో సహా నేర్చారు. అందుకే ఇంగ్లీషు ఓడ మీద కూడా ముందు కొయ్య తెరచాప తిర్కట్, పై అంతస్తు తెరచాప గావీ, పలకల సందుల్లో కుక్కే నార ఇస్తుప్, తాడు ఒక చుట్టు తిప్పడం బోల్తా. వీటి వెనక ఉన్న పోర్చుగీసు మాటలు త్రికెత్, గావెయా, ఎస్తోపా, వోల్తా. యజమానులు మారినా పని నేర్పినవారి మాటలు పోలేదు.

మూడో పొర పశ్చిమ తీరానిది. ఓడ కుడివైపును జమ్‌నా అనీ ఎడమవైపును డావా అనీ అన్నారు. జమ్ణుం అంటే గుజరాతీలో కుడి, డావా అంటే మరాఠీలో ఎడమ. ఓడ ముందు భాగాన్ని ఆగిల్, వెనక భాగాన్ని పీఛిల్ అన్నారు. ఇవి హిందుస్తానీలోని ఆగే, పీఛే అన్న మాటల రూపాలు. కొయ్య డోల్, వెనక కొయ్య కిల్మీ. వీటన్నిటినీ కలిపి నడిపే క్రియలు మాత్రం హిందుస్తానీవి: లాగు, వదులు, కట్టు, తిప్పు, ఎత్తు, దించు. మాటలు కొన్నే అయినా, వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పెద్ద ఓడలోని డజన్ల కొద్దీ తెరచాపలకూ తాళ్లకూ విడివిడిగా పేర్లు కల్పించుకున్నారు. తిర్కట్ గావీ అనగానే ముందు కొయ్య మీది రెండో అంతస్తు తెరచాప అని, ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడికైనా తెలిసిపోతుంది.

ఈ కచ్చితత్వాన్ని తేలికగా తీసుకోకూడదు. రాత్రి చీకట్లో, గాలి హోరులో, కొయ్య మీద అంత ఎత్తున నిలబడిన మనిషికి కింది నుంచి ఒక కేక వినిపిస్తుంది. అతడు వదలవలసిన తాడుకు బదులు పక్క తాడు వదిలితే తెరచాప చినుగుతుంది, అడ్డుకొయ్య విరుగుతుంది, తోటివాడు సముద్రంలో పడతాడు. అటువంటి చోట ఒక మాటకు రెండర్థాలు ఉండడానికి వీల్లేదు. ఆజ్ఞల్లో లింగభేదాలు, మర్యాద రూపాలు, కాలభేదాలు రాలిపోయి పేర్లు మాత్రం వజ్రంలా గట్టిపడ్డాయంటే దాన్ని భాష చెడిపోవడం అనుకోనక్కరలేదు, పనికి ఏది అవసరమో అది మిగిలింది. లక్నో దర్బారులో మాట్లాడే హిందుస్తానీ ఎంత అందమైనదైనా, దానిలో ఈ పేర్లే లేవు. అక్కడి పండితుడు ఈ ఓడ మీదికి వస్తే ఆజ్ఞల్లో సగం అర్థం కాక నిలబడిపోతాడు.

అయితే దీన్ని పిడ్జిన్ అనవచ్చా అన్న ప్రశ్నకు కొంచెం జాగ్రత్తగా జవాబు చెప్పాలి. పిడ్జిన్ అంటే, పంచుకునే భాష లేని సమూహాలు ఒక పరిమితమైన అవసరానికి కల్పించుకున్న సంపర్క భాష. అది ఎవరికీ మాతృభాష కాదు, దాని వ్యాకరణం మూల భాషల కంటే చిన్నది, కానీ నేర్చుకోవలసినంత స్థిరమైనది. నార్వే ఉత్తర తీరంలో నార్వే జాలరులకూ రష్యా వర్తకులకూ మధ్య 18వ శతాబ్దం చివరి నుంచి 1917 విప్లవ కాలం దాకా నడిచిన రుస్సెనోర్స్క్ ఇందుకు చక్కని ఉదాహరణ. అందులో నేను, నువ్వు అనడానికి మోయా, త్వోయా అన్నారు, దాదాపు అన్ని విభక్తుల పనినీ పో అనే ఒక్క మాటతో గడిపారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రూమ్ పట్టణంలో ముత్యపు చిప్పలు తీసే పడవల మీద జపాను గజ ఈతగాళ్లు, తిమోర్‌లోని కూపాంగ్ నుంచి వచ్చినవారు, మలయ్‌లు, ఆస్ట్రేలియా ఆదివాసులు కలిసి పనిచేస్తూ మలయ్ పునాది మీద మరొక పిడ్జిన్‌ను కల్పించుకున్నారు. అక్కడ యజమానుల భాష ఇంగ్లీషే అయినా పునాది మాత్రం మలయ్ కావడం గమనించదగినది. లష్కరీలో జరిగినదీ అదే. ఇంగ్లీషువారి ఓడ మీద ఇంగ్లీషు పునాది కాలేదు.

ఈ లక్షణాలతో పోల్చి చూస్తే లష్కరీ ఎవరికీ మాతృభాష కాదు, ఒక్క పని కోసమే ఉన్నది, పదజాలం తరతరాలకు స్థిరంగా అందింది. వ్యాకరణం మాత్రం బొంబాయి, కలకత్తా బజారు హిందుస్తానీకి దగ్గరగా ఉంది, అంటే అది పూర్తిగా ఓడ మీద పుట్టినది కాదు. అందుకే నేను దీన్ని బజారు హిందుస్తానీ పునాదిగా, సముద్రం మీద స్థిరపడిన వృత్తి పిడ్జిన్ అంటాను. ఎవరైనా దీన్ని ప్రత్యేక పదజాలమున్న వృత్తి మాండలికం అని మాత్రమే అంటే గట్టిగా ఖండించను. తప్పుల హిందుస్తానీ అంటే మాత్రం ఒప్పుకోను.

ఆ చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించగలం. మద్రాసు సైన్యానికి చెందిన అధికారి, కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలతో సంబంధమున్న థామస్ రోబక్ 1811లో ఇంగ్లీషు, హిందుస్తానీ నౌకా నిఘంటువును ప్రచురించాడు. లష్కరీ గురించి మనకు తెలిసినదానిలో అధిక భాగం ఈ పుస్తకం నుంచి వచ్చినదే. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ మాటల కోశం కూడా ఓడ మాటలకు మాటిమాటికీ రోబక్‌నే సాక్ష్యంగా చూపుతుంది. రోబక్ పుస్తకాన్ని తరువాతివారు సవరిస్తూ వచ్చారు. 1882లో జార్జ్ స్మాల్ లండన్‌లో తెచ్చిన కూర్పుకు లష్కరీ నిఘంటువు అనే పేరు వచ్చింది, ఆ ముఖపత్రం మీదే ఇది లష్కర్లు వాడే భ్రష్టమైన యాస అని అచ్చయింది. ఒక భాషకు నిఘంటువు తయారు చేస్తూ, మొదటి పేజీలోనే దాన్ని భ్రష్టమన్నారు. ఆ మాటనే తరువాతివారు చాలాకాలం నమ్మారు.

రోబక్ పుస్తకాన్ని వాడేటప్పుడు మరొక సంగతి గుర్తుంచుకోండి. ఇది ఇంగ్లీషు మాటకు లష్కరీ మాట చూపే నిఘంటువు. ఆజ్ఞ ఇవ్వవలసిన అధికారికి ఉపయోగపడడానికి రాసినది. కాబట్టి అందులో ప్రధానంగా వస్తువుల పేర్లూ ఆజ్ఞలూ ఉంటాయి. తిండి చాలలేదని ఒకడు ఎలా అన్నాడో, జీతం గురించి ఏమని గొణుక్కున్నారో, పని లేని సాయంత్రం బెంగాలీ, మలయ్ ఒకచోట కూర్చుని కథ ఎలా చెప్పుకున్నారో అందులో దొరకదు. ఆజ్ఞల్లో విధ్యర్థక క్రియలే ఉంటాయి గనుక ఆ భాషలో అవే ఉన్నాయనుకోవడం, వంటగదిలోకి తొంగి చూసి ఆ ఇంట్లో వంట తప్ప ఇంకేమీ జరగదనుకోవడం లాంటిది. లష్కరీ వ్యాకరణం ఎంత చిన్నదన్న దాని మీద తీర్పులిచ్చేవారు ఈ లోటును లెక్కలోకి తీసుకోరు, అది నాకు బాధ కలిగించే విషయం.

అధికారికీ, కళాసీ అనే మామూలు ఓడ పనివాడికీ మధ్య సరంగు ఉండేవాడు. పారసీకంలో సర్‌హంగ్ అంటే సేనానాయకుడు. ఓడ మీద సరంగు పనివాళ్లకు పెద్ద, తన ఊరి నుంచీ చుట్టాల నుంచీ మనుషుల్ని తెచ్చేవాడు, వారి జీతాల మీద పట్టున్నవాడు, అధికారి మాటను అందరికీ అర్థమయ్యేలా చేరవేసేవాడు. కలకత్తాలో వీరి మీద కూడా ఘాట్ సరంగు అనే దళారి ఉండేవాడు. సరంగు కింద అతడి సహాయకులైన తండేళ్లు, వారి కింద కళాసీలు, పక్కన సరుకుల గది చూసే కసబ్, వంట చేసే భండారీ, ఊడ్చి శుభ్రం చేసే టోపాస్. ఈ పద్ధతి వల్ల భాష నిలిచింది. చాలా ఓడల్లో అధికారి వచ్చీరాని పది మాటలతో నెట్టుకొచ్చేవాడు, మిగిలిన బరువంతా సరంగు నాలుక మీదే ఉండేది. అదే పద్ధతి వల్ల అతడి చేతిలో అన్యాయానికి గురైనవారు కూడా ఎందరో ఉన్నారు.

ఆవిరి ఓడలు వచ్చాక పరిస్థితి మారింది. తెరచాపలు పోయాయి, వాటితో పాటు తిర్కట్, గావీ లాంటి మాటల అవసరం తీరిపోయింది. సిబ్బంది డెక్కు, ఇంజిను, భోజనశాల అని మూడు విభాగాలుగా విడిపోయి, ఒక్కో విభాగానికి ఒక్కో ప్రాంతం నుంచి మనుషుల్ని తీసుకోవడం అలవాటైంది. ఇంజిను గదికి సిల్హెట్, పంజాబు నుంచి, భోజనశాలకు గోవా నుంచి వచ్చారు. కొలిమిలో బొగ్గు వేసేవాడు ఆగ్‌వాలా, బొగ్గు మోసేవాడు కోయ్‌లావాలా, నూనె పోసేవాడు తేల్‌వాలా అనే కొత్త మాటలు పుట్టాయి గానీ, ఒక విభాగంలో అందరూ ఒకే జిల్లావారైనప్పుడు వారిలో వారికి ఇంటి భాషే సరిపోయింది. పలు జాతులు కలిసి ఒకే తాడు లాగిన తెరచాప ఓడల కాలమే లష్కరీకి నిండు కాలం అని నేను అనుకుంటాను. ఇప్పటి అంతర్జాతీయ ఓడల్లో 2001లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఆమోదించిన ఇంగ్లీషు వాక్యాల పట్టిక ఆ పని చేస్తోంది, కాకపోతే అది పనివాళ్లు కల్పించుకున్నది కాదు, సంస్థ తయారు చేసి ఇచ్చినది.

తెలుగు సంబంధానికి వద్దాం. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఓడలు కట్టి, మరమ్మతు చేసిన రేవు. అక్కడి ఓడలు కలకత్తాకూ బర్మాకూ తిరిగేవి, బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలు అనే పేరు వచ్చిందంటే ఆ రాకపోకలు ఎంతటివో ఊహించవచ్చు. ఈ తీరానికి సొంత పడవ మాటలు లేకపోలేదు. పడవ ముందు భాగం అణియం, వెనక భాగం అమరం. వాటి పక్కనే సముద్రం తెచ్చిన మాటలు స్థిరపడ్డాయి. చుక్కాని అన్నది అరబీ సుక్కాన్. లష్కరీలో సుక్కానీ చుక్కాని పట్టే మనిషి, తెలుగులో చుక్కాని ఆ పరికరమే. లంగరు, తుపాను, బందరు కూడా ఆ పెద్ద సముద్రపు వాడుక నుంచి వచ్చినవే.

పదవుల పేర్లు ఇంకా బలమైన సాక్ష్యం. గోదావరి మీద లాంచీ నడిపేవాడిని నేటికీ సరంగు అనే అంటారు. 2021లో కొత్త చట్టం వచ్చేదాకా, 1917 నాటి స్టీమర్ల చట్టం నదుల మీద ఓడ నడిపేవారికి ఇచ్చిన యోగ్యతా పత్రాల్లో సరంగు ఒక తరగతిగా ఉండేది, కాబట్టి ఈ మాట ప్రభుత్వ కాగితాల్లో కూడా నిలిచింది. తండేలు అన్నదానికి హాబ్సన్-జాబ్సన్ మలయాళ రూపంతో పాటు తెలుగు రూపాన్ని కూడా ఇస్తుంది. శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళ్లి వేట పడవల మీద పనిచేసే మత్స్యకారులు తమ పడవ పెద్దను ఇప్పటికీ తండేలు అంటున్నారు. 2018లో వారిలో కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో విడుదలయ్యారు, ఆ సంఘటన ఆధారంగా 2025లో వచ్చిన తండేల్ సినిమాతో ఆ మాట అందరికీ తెలిసింది. ఉత్తరాంధ్ర రేవుల్లో మూటలు మోసేవారిని కళాసీలు అంటారు, ఆ మాట ఒకప్పుడు ఓడ పనివాడికీ గుడారాలు వేసేవాడికీ కూడా పేరు. ఇక నీటిపారుదల శాఖలో కాలువల తూములు చూసే లష్కర్లు ఉన్నారు. సైన్యంలో ఫిరంగులు లాగినవారినీ గుడారాలు మోసినవారినీ కూడా లష్కర్లు అనేవారు, ఆ వాడుకే ప్రభుత్వ పనుల్లోకి వచ్చింది. సముద్రం ముఖం చూడని తెలంగాణ పల్లెలో కూడా ఈ మాట వినిపించడానికి కారణం ఇదే.

మీరు దీని మీద పని చేయదలచుకుంటే కలకత్తా, లండన్ పుస్తకాలు మాత్రమే చదవకండి. భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ, నిజాంపట్నం తీరాల్లో పడవల మీద పనిచేసిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, పడవ భాగాల పేర్లు, గాలుల పేర్లు, తాడు లాగేటప్పుడు వేసే కేకలు రాసుకోండి. పేరు అడిగి వదిలేయకుండా, ఆ మాట ఎవరి దగ్గర నేర్చారో, ఏ రేవులో మొదట విన్నారో, అప్పుడు పడవ మీద ఇంకా ఎవరెవరు ఉన్నారో తప్పకుండా అడగండి. గుజరాత్ వెళ్లి వచ్చినవారిని విడిగా అడగండి, ఎందుకంటే వారి మాటల్లో కొన్ని పాత తెలుగు తీరపు వాడుక కావచ్చు, కొన్ని వేరావల్‌లో ఈ తరంలో నేర్చినవి కావచ్చు, ఆ రెంటినీ కలిపేస్తే లెక్క తప్పుతుంది. ఆజ్ఞలతో ఆగిపోకుండా ఒకరినొకరు పిలుచుకునే మాటలు, తిట్లు, సామెతలు, పని పాటలు కూడా చేర్చండి, రోబక్ పుస్తకంలో లేనివి అవే.